అందిందా, నయమైందా, ఎంతయింది?: ఆరోగ్య పరిశోధనకు ఎనభై ఏళ్ల సింహావలోకనం

జబ్బు పడితే చూసే డాక్టరు దగ్గర్లో ఉన్నాడా? ఉన్నవాడు సరైన వైద్యం చేశాడా? ఆ వైద్యానికి ఇంట్లో ఏం తాకట్టు పెట్టాల్సి వచ్చింది? మన దేశంలో ఆరోగ్య సేవల మీద జరిగిన పరిశోధనంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరిగింది. వెనక్కి తిరిగి చూస్తే ఒక్క సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పరిశోధకులు ఫైళ్లు పక్కనపెట్టి రోగి గడప దాకా వెళ్లిన ప్రతిసారీ, పాతుకుపోయిన నమ్మకం ఏదో ఒకటి తలకిందులైంది.

1943లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. అప్పటి బ్రిటిష్ ఇండియాలో సగటు ఆయుర్దాయం 27 ఏళ్లు. 6,300 మందికి ఒక్క డాక్టరు. పుట్టిన ప్రతి 1,000 మంది పిల్లల్లో 162 మంది ఏడాది నిండకుండానే కన్నుమూసేవారు. చేతిలో డబ్బు లేదన్న కారణంగా ఎవరికీ వైద్యం ఆగిపోకూడదన్నది ఆ కమిటీ నిలబెట్టిన సూత్రం. ఇవాళ మన మండలాల్లో కనిపించే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మూలం అక్కడే ఉంది. అయితే భవనం లేచినంత మాత్రాన వైద్యం అందినట్టు కాదని త్వరలోనే తేలింది.

ఆ పాఠం నేర్పింది క్షయ. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియంలో పనిచేసిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ 1950 నుంచి చుట్టుపక్కల పల్లెల్లో క్షయ సర్వే సాగించారు. ఆస్పత్రికి వచ్చినవాళ్లతో సరిపెట్టుకోకుండా ఊళ్లకే వెళ్లి జనాన్ని పరీక్షించిన తొలితరం ప్రయత్నాల్లో అదొకటి. 1956లో మద్రాసులో ఇంకా సాహసమైన ప్రయోగం మొదలైంది. నగరంలోని 193 మంది పేద రోగుల్లో కొందరిని శానిటోరియంలో చేర్చారు. మంచి తిండి, విశ్రాంతి, గాలి వెలుతురు ఉన్న వార్డు వాళ్లకు దక్కాయి. మిగతావారిని ఇరుకు ఇళ్లలోనే ఉంచారు. తిండి అంతంతమాత్రం, ఓపిక వస్తే పని తప్పదు. మందులు మాత్రం రెండు వర్గాలకూ అవే, ఏడాది పాటు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో మందులు మింగినవారు కూడా దాదాపు అంతే బాగా కోలుకున్నారు. ఇంటి మనుషులకు దానివల్ల అదనంగా క్షయ సోకలేదు కూడా. మంచం దొరికితేనే బతుకు అనుకున్న జబ్బుకు క్రమం తప్పని మందులు చాలని ఆ ఒక్క అధ్యయనం ప్రపంచానికి చెప్పింది. వైద్యం చేరువైంది, ఖర్చు తగ్గింది, నాణ్యత చెడలేదు. మూడు ప్రశ్నలకూ ఒకేసారి జవాబు దొరికిన అరుదైన సందర్భమది.

మరి ఆ మందులు రోగికి చేరాయా? బెంగళూరులోని జాతీయ క్షయ సంస్థకు చెందిన దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ తుమకూరు జిల్లా పల్లెల్లో ఈ సంగతి తేల్చి 1963లో ప్రచురించారు. పల్లె జనానికి జబ్బంటే పట్టింపు లేదనీ, చదువు లేక ఆస్పత్రికి రారనీ అధికారులు అనేవారు. తీరా రోగులను కదిలిస్తే, చాలామంది తమ దగ్గును గుర్తించి దిగులుపడుతున్నవాళ్లే. దాదాపు సగం మంది అప్పటికే వైద్యశాలకు వెళ్లొచ్చారు. అక్కడ వాళ్ల చేతిలో పెట్టింది దగ్గుమందు సీసా! రోగి తన వంతు చేశాడు, తప్పింది వ్యవస్థే. అరవై ఏళ్లు దాటినా ఆ మాట మనల్ని వెంటాడుతూనే ఉంది.

తెలంగాణ సరిహద్దున ఉన్న గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ ఇదే దారిలో నడిచారు. రెండు పల్లెల్లో 650 మంది స్త్రీలను పరీక్షిస్తే 92 శాతం మందికి స్త్రీ సంబంధ వ్యాధులున్నాయని 1989లో లోకానికి చూపారు. అంతకుముందు పరీక్ష చేయించుకున్నది వారిలో 8 శాతమే. 1999లో వాళ్లే, ఊరి స్త్రీలకు శిక్షణ ఇస్తే ఇంటి దగ్గరే నవజాత శిశువులను కాపాడవచ్చని రుజువు చేశారు. ఇవాళ ఆశా కార్యకర్త బాలింత ఇంటికి వెళ్లి పసిబిడ్డను తూకం వేసి చూసే పద్ధతికి బలమైన ఆధారం ఆ పనే.

ఈలోగా ఊళ్లు, పట్నాలు ప్రైవేటు ఆస్పత్రులతో నిండాయి. జాతీయ నమూనా సర్వే లెక్కల్లో, 1986–87లో ఆస్పత్రిలో చేరినవారిలో సుమారు 60 శాతం ప్రభుత్వాసుపత్రులకే వెళ్లారు. 1995–96 నాటికి అది సగం కంటే తగ్గింది. దాంతో మూడో ప్రశ్న ముందుకొచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 36 గ్రామాల్లో అనిరుధ్ కృష్ణ బృందం ఏ కుటుంబం ఎందుకు పేదరికంలోకి జారిందని ఇల్లిల్లూ అడిగింది. కరువు, పెళ్లి ఖర్చు, అధిక వడ్డీ వంటి కారణాలన్నిటికంటే ముందు నిలిచింది జబ్బు, దాని వెంట వచ్చే వైద్య ఖర్చు.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం ఈ గాయానికే మందు వేయబోయింది. గుండె ఆపరేషన్ పేదవాడికీ అందింది. అది చిన్న విజయం కాదు. కానీ కుటుంబాల జేబుకు పెద్ద చిల్లు పెట్టేవి ఓపీ వైద్యం, నెలనెలా కొనే మందులూనని సర్వేలు చెబుతూనే వచ్చాయి. బీపీ, షుగరు బిళ్లలకు ఆరోగ్యశ్రీ కార్డు అక్కరకు రాలేదు. దేశం మొత్తం ఆరోగ్య వ్యయంలో జనం జేబులోంచి పెట్టే వాటా 2013–14లో 64.2 శాతం. 2021–22 నాటికి 39.4 శాతానికి దిగిందని ప్రభుత్వ ఖాతాలు చెబుతున్నాయి. దిగినా తక్కువేమీ కాదు.

నాణ్యత అన్న ప్రశ్న అన్నిటికంటే ఆలస్యంగా నిద్ర లేచింది. జిష్ణు దాస్, సహ పరిశోధకులు స్థానికులకు రోగుల్లా నటించే శిక్షణ ఇచ్చి, గుండెనొప్పి, ఆయాసం లక్షణాలతో మధ్యప్రదేశ్ పల్లెల్లోనూ ఢిల్లీలోనూ వైద్యుల దగ్గరికి పంపారు. 2012లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం పల్లెల్లో వైద్యం చేస్తున్నవారిలో మూడింట రెండొంతుల మందికి వైద్య డిగ్రీయే లేదు. అక్కడ రోగిని చూసిన సమయం సగటున 4 నిమిషాల లోపే. 2018లో లాన్సెట్ కమిషన్ లెక్క ఇంకా కలవరపెట్టింది. 2016లో మన దేశంలో వైద్యంతో ఆపగలిగి ఉండీ ఆపలేకపోయిన మరణాల్లో, వైద్యం అందక పోయినవారు సుమారు 8.4 లక్షలైతే, అందిన వైద్యం నాసిరకమై పోయినవారు 16 లక్షలు.

అతి వైద్యం కూడా నాణ్యతా లోపమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5 శాతం. 2015–16 సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలోకెల్లా ఎక్కువగా కనిపించింది ఆంధ్రప్రదేశ్‌లో: 8.9. దేశ సగటు 3.2. అవసరమున్నవారికి చేరని కత్తి, అవసరం లేనివారి మీద పడుతోంది.

ఎనభై ఏళ్ల అనుభవం చెప్పేది ఇది: ఆ మూడు ప్రశ్నలనూ విడదీస్తే పరిష్కారం దొరకదు. మంచాలు పెంచి వైద్యం ఎలా ఉందో చూడకపోతే ప్రాణాలు నిలవవు. ఆపరేషన్‌కు డబ్బిచ్చి అది అవసరమా అని అడగకపోతే కోతలు పెరుగుతాయి. రెండు తెలుగు రాష్ట్రాలూ ఏటా ప్రజాధనంతో లక్షల చికిత్సలకు డబ్బు కడుతున్నాయి. ప్రతి చికిత్స తర్వాత ఏడాదికి ఆ రోగి ఎలా ఉన్నాడు, మందులకు ఎంత ఖర్చయింది, అసలు ఆ ఆపరేషన్ అవసరమేనా అని ఆస్పత్రి వారీగా లెక్క తీసి, పేషెంట్ల పేర్లు బయటపెట్టకుండా ప్రజల ముందుంచాలి. మద్రాసులో 193 మందితో అంత నిజాన్ని రాబట్టిన దేశానికి ఇది చేతకాని పని కాదు. చేయాలన్న పట్టుదల ప్రభుత్వాలకు ఉండాలి, అడిగే పట్టుదల మనకు ఉండాలి.