పేగు పద్దు

నరసాపురం గతం అనగానే మాధవాయపాలెం బట్ట, వలందుల (డచ్చివారి) వర్తకం, లేసు పని గుర్తొస్తాయి. ఈ సీమ చరిత్రలో పేగుకూ చోటుండాలి. నరసాపురానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కుటుంబాన్ని సంగ్రహణి కాల్చుకుతింది. పాశ్చాత్య వైద్యులు స్ప్రూ అనే ఈ జబ్బులో తిన్నది ఒంటపట్టదు, రక్తం పలచబడుతుంది, మనిషి శల్యమైపోతాడు. సోదరుడు పురుషోత్తం దానికే బలయ్యారు. సుబ్బారావునూ పట్టుకుంటే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో గట్టెక్కారు. పేగులోని మేలుచేసే బ్యాక్టీరియా ఏం తింటాయి, ఏం తయారుచేస్తాయి అన్నది ఇప్పుడు కంప్యూటర్ల మీద నమూనాలు కట్టి లెక్కగడుతున్నారు. 2017లో వెలువడిన ‘అగోరా’ సంకలనంలో 773 రకాల పేగు బ్యాక్టీరియాకు అలాంటి నమూనాలున్నాయి. కానీ ఆ పద్దు రాయడం కంప్యూటర్‌తో మొదలవలేదు. విటమిన్ల కోసం వెతికినవాళ్ల పరీక్షనాళికల్లో మొదలైంది. అందులో ఈ సీమ మనిషి సుబ్బారావుది చిన్న వాటా కాదు.

సుబ్బారావు 1922లో హార్వర్డ్ చేరి, 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలకు మారారు. అక్కడ ఆయన బృందం వెతికింది ఒక పదార్థం కోసం. అది కాలేయంలో ఉంది, అది లేకపోతే లాక్టోబాసిల్లస్ కేసీ అనే బ్యాక్టీరియా పెరగదు. కొన్ని బ్యాక్టీరియా ఆ పదార్థాన్ని సొంతంగా తయారుచేసుకుంటాయి. కేసీకి అది చేతకాదు. మనకూ చేతకాదు. ఈ చేతకానితనమే పరీక్షకు పనికొచ్చింది. కేసీకి కావలసిన ఆహారమంతా నాళికల్లో పోసి, ఆ ఒక్క పదార్థాన్ని మాత్రం ఆపేస్తారు. ఒక్కో నాళికలో కాలేయసారం కొంచెం కొంచెం పెంచుతూ వేసి, 37 డిగ్రీల వెచ్చదనంలో మూడు రోజులు ఉంచుతారు. బ్యాక్టీరియా పెరిగినకొద్దీ పాలు పులిసినట్టే అందులో లాక్టిక్ ఆమ్లం చేరుతుంది. క్షారాన్ని బొట్టు బొట్టుగా వదిలి, ఎన్ని బొట్లకు ఆ పులుపు విరిగిందో చూస్తే సారంలో ఆ పదార్థం ఎంతుందో తేలుతుంది. అదే ఫోలిక్ ఆమ్లం. సుబ్బారావు బృందం 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది.

ఇది ఒక కొలత మాత్రమే, నమూనా ఎలా అవుతుందని అడగవచ్చు. నమూనా అంటే వేల రసాయన చర్యలను సమీకరణాలుగా కూర్చడం, నిజమే. అయితే ఆ సమీకరణాలు సరైనవో కావో తేల్చే పరీక్ష ఇప్పటికీ ఇదే: ఒక పోషకం తీసేస్తే బ్యాక్టీరియా బతుకుతుందా, చస్తుందా? నమూనా ఒకటి చెప్పి నాళిక ఇంకొకటి చెబితే దిద్దుకోవలసింది నమూనానే. ఘనత సుబ్బారావు ఒక్కరిది కాదన్న మాటనూ ఒప్పుకోవాలి. గర్భిణుల రక్తహీనతకు ఈ పదార్థం ఉన్న ఈస్టు సారం పనిచేస్తుందని 1931లోనే లూసీ విల్స్ బొంబాయిలో చూపారు. 1941లో పాలకూర నుంచి ఆ పదార్థాన్ని రాబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టినవాళ్లు మిచెల్, స్నెల్, విలియమ్స్. అయినా దాన్ని రోగికి అందేంత విరివిగా చేసింది లెడర్లీ బృందమే.

సుబ్బారావు పరిశోధనలకు సారథిగా ఉన్న ఆ ప్రయోగశాలలోనే శాస్త్రవేత్త డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ 1948లో వెలుగుచూసింది. టెట్రాసైక్లిన్ జాతిలో అదే మొదటి మందు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు పోయారు. సంగ్రహణి రోగి చిన్నపేగులో ఉండకూడనన్ని బ్యాక్టీరియా చేరతాయని తర్వాత తేలింది. అందుకే ఇవాళ స్ప్రూకు ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ కలిపి నెలల తరబడి ఇస్తారు. లోటును పూడ్చేది ఒకటి, చేరకూడనివాటిని అణిచేది ఇంకొకటి. ఆ రెండో మాత్ర ఫోలిక్ ఆమ్లం తయారుచేసిపెట్టే మంచి బ్యాక్టీరియానూ వదలదు. ఏవి పోతే ఎంత లోటు పడుతుందో కట్టాల్సిన లెక్క ఇప్పుడు నమూనాలు కట్టేవాళ్ల ముందుంది.