మినా హబ్బర్డ్ గీసిన దారి

1905 జూన్ 27న లాబ్రడార్‌లోని నార్త్ వెస్ట్ రివర్ అనే వర్తక స్థావరం నుంచి ఒకే రోజు రెండు బృందాలు పడవల మీద ఉత్తరానికి బయలుదేరాయి. లాబ్రడార్ ఇప్పటి కెనడాకి ఈశాన్య మూల. లోపలంతా సరస్సులు, జలపాతాలు, నాచు కప్పిన బంజరు కొండలు. రెండు బృందాల గమ్యమూ ఒకటే: అంగావా అఖాతం దగ్గర జార్జ్ నది మీదున్న హడ్సన్స్ బే కంపెనీ స్థావరం. ఒక బృందానికి నాయకుడు డిలన్ వాలెస్. రెండోదానికి నాయకురాలు 35 ఏళ్ల వితంతువు మినా బెన్సన్ హబ్బర్డ్.

రెండేళ్ల క్రితం, 1903లో, ఆమె భర్త లియోనిడాస్ ఇదే దారి వెతుక్కుంటూ వెళ్లాడు. వెంట వాలెస్, జార్జ్ ఎల్సన్ ఉన్నారు. నాస్కాపీ నది అనుకుని వాళ్లు వేరే చిన్న ఏట్లోకి మళ్లారు. వేట దొరకలేదు. అక్టోబరులో లియోనిడాస్ ఆకలితో చనిపోయాడు. ఎల్సన్ నడిచి వెళ్లి సాయం తీసుకురాబట్టి వాలెస్ బతికాడు, బతికి పుస్తకం రాశాడు. అందులో తన భర్త బలహీనుడిగా కనిపించాడని మినాకి కోపం. ఆ చావులో వాలెస్ బాధ్యత ఎంత అన్న అనుమానం కూడా ఉండేది.

1908లో అచ్చయిన తన పుస్తకంలో ఆమె ప్రయాణానికి చెప్పుకున్న కారణం ఒక్కటే, భర్త పని పూర్తిచేయడం. మన రచయిత్రుల తొలి పుస్తకాల ముందుమాటల్లో ‘మావారి ప్రోత్సాహంతో’ అన్న వాక్యం ఎన్నిసార్లు చదివామో! అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. అది గడప దాటడానికి చూపించే అనుమతి పత్రం. మినా దుఃఖం నిజమైనదే. ఆ దుఃఖం తప్ప ఇంకే కారణం చెప్పినా నలుగురు మగవాళ్లతో రెండు నెలలు అడవిలో గడపడాన్ని ఆనాటి సమాజం ఒప్పుకునేదా?

ఆ నలుగురి గురించే ఎక్కువ మాట్లాడుకోవాలి. ఎల్సన్ క్రీ తల్లికీ స్కాట్ తండ్రికీ పుట్టినవాడు. జోబ్ చాపీస్ క్రీ మనిషి. జోసెఫ్ ఇసర్‌హాఫ్, గిల్బర్ట్ బ్లేక్ మిశ్రమ వంశాలవాళ్లు. 19 అడుగుల పడవలు రెంటిని ప్రవాహానికి ఎదురు నడిపిందీ, జలపాతాల దగ్గర సామాను వీపున మోసిందీ వాళ్లే. మినా కొలతలు తీసుకుంది, ఫోటోలు తీసింది, డైరీ రాసింది. నిక్కర్ల మీద పొట్టి స్కర్టు, నడుముకి రివాల్వరు. అయినా వేగంగా పారే నీటి దగ్గరికి పోవద్దని వాళ్లు కట్టడి చేసేవారు. ఒకరోజు వాళ్ల కన్నుగప్పి ఒంటరిగా కొండెక్కింది. వాళ్లు బెంబేలెత్తి వెతికారు. దొరికాక ఎల్సన్ చెప్పిన మాట సారాంశం ఇది: నువ్వు లేకుండా మేం తిరిగి వెళ్లలేం.

ఈ ఘట్టాన్ని స్త్రీ స్వేచ్ఛకి మగవాళ్ల అడ్డంకిగా చదవడం తేలిక. కానీ ఒక తెల్ల స్త్రీ తప్పిపోయిందని చెప్పే ఆదివాసీ మగవాడిని ఎవరు నమ్ముతారు? ఆమె సాహసానికి పూచీ వాళ్ల ప్రాణాలు. మినా ఈ సంగతి దాచలేదు. పుస్తకం చివర భర్త డైరీతో పాటు 1903 నాటి ఎల్సన్ కథనాన్నీ చేర్చింది. చాలామంది అన్వేషకులు ఆమాత్రం కూడా చేయలేదు.

ఆగస్టులో జార్జ్ నది ఒడ్డున ఇన్నూల గుడారాలు కనిపించాయి. మొదటి విడిదిలో ఆడవాళ్లే ఉన్నారు. మగవాళ్లు సరుకుల కోసం సముద్రతీరానికి వెళ్లారు. పడవల్ని చూసి ఆ స్త్రీలు భయపడి, పొమ్మని అరిచారు. తమ భాషలో పలకరింపు వినపడ్డాకే నవ్వారు. ఈ పేజీల్లో నేను చాలాసేపు ఆగిపోయాను. ‘ఈ దారిన వెళ్లిన తొలి స్త్రీ’ అని ప్రపంచం మినాని పొగిడిన చోట, స్త్రీలు పిల్లల్ని కని, తోళ్లు పదునుచేసి, వండుకుని బతుకుతున్నారు. వాళ్లకది ‘తెలియని లాబ్రడార్’ కాదు, నితాస్సినాన్, అంటే మా నేల. తర్వాతి విడిదిలో స్థావరం ఎంత దూరమని అడిగితే, త్వరగా పోతే ఐదు నిద్రలు అన్నారు. మినా దాన్ని మైళ్లలోకి మార్చుకుంది. సరస్సులకీ జలపాతాలకీ తనవాళ్ల పేర్లు పెట్టింది.

ఆగస్టు 27న ఆమె గమ్యం చేరింది. వాలెస్ చేరింది అక్టోబరు మధ్యలో. ఆమె పటాన్ని అమెరికన్ జాగ్రఫికల్ సొసైటీ ఆమోదించింది. ఆమె ప్రయాణ డైరీ మాత్రం 2005 దాకా పుస్తకంగా రాలేదు. అచ్చు పుస్తకంలోని నిబ్బరమైన భార్యకీ డైరీలోని మనిషికీ తేడా ఉంది. డైరీలో ఆమె వాలెస్ మీద కసిగా ఉంది, ఎల్సన్ తోడుని ఇష్టపడింది, న్యూయార్క్ తిరిగి వెళ్లడానికి దిగులుపడింది. ఆ తర్వాత ఇంగ్లండులో మళ్లీ పెళ్లాడింది, పిల్లల్ని కంది. 1956లో, 86 ఏళ్ల వయసులో, లండన్ శివార్లలో రైలు ఢీకొని చనిపోయింది.

ఆమె పటంలోని మిషికమౌ సరస్సు ఇప్పుడు విడిగా లేదు. 1970ల మొదట్లో చర్చిల్ ఫాల్స్ విద్యుత్ ప్రాజెక్టు కోసం కట్టిన స్మాల్‌వుడ్ జలాశయంలో కలిసిపోయింది. ఇన్నూల వేట నేలలూ సమాధులూ నీటి కిందికి పోయాయి. ముంచే ముందు వాళ్లని ఎవరూ అడగలేదు.