కదలని షడ్జము, కదలు షడ్జము

ఇప్పుడు మన ఇండ్లలోని పిల్లలు అనేకులు పియానో నేర్చుకొనుచున్నారు. నిజమైన పియానో కొనగలవారు కొందరే. తక్కినవారికి మేజాపై పెట్టుకొను కీబోర్డే పియానో. కొన్ని వారములు గడచునప్పటికి పిల్లలు ఎడమచేతితో మూడేసి మెట్లను ఒక్కసారిగా నొక్కుచు, "ఇది ఒకటి, ఇది నాలుగు, ఇది అయిదు" అని లెక్క చెప్పుచుందురు. వినుటకు ఇంపుగనే యుండును. కాని పెద్దల మనస్సులో ఒక శంక మిగులును. పొరుగు భాషల నడుమ తరతరములుగా నిలుపుకొని వచ్చిన త్యాగరాజ కృతియు, మంగళహారతియు, పెండ్లిపాటయు ఈ లెక్కల క్రింద నలిగిపోవునా యని. ఈ శంకకు సమాధానము చరిత్రలో వెదకవలెను గాని కీబోర్డును అటక యెక్కించుటలో లేదని మా అభిప్రాయము.

ముందుగా ఆ లెక్క యేమో చూతము. తెల్లమెట్లలో 'సి' అను మెట్టును షడ్జముగా గైకొని వరుసగా పైకి పోయినచో వచ్చునవి మన 29వ మేళమైన ధీరశంకరాభరణపు స్వరములే. అందు ఒకటవ కార్డు స-గ-ప, నాలుగవది మ-ద-స, అయిదవది ప-ని-రి. ఈ మూడింటిని కలిపి చూచిన సప్తస్వరములలో ఒక్కటియు మిగిలిపోలేదు. కావుననే ఆ స్వరములలో నడచు సరళమైన పాటకు అడుగడుగున ఈ మూడింటిలో ఏదో యొకటి తోడు నిలుచును. అయిదవ కార్డులోని నిషాదము షడ్జము కొరకు తహతహలాడును. ఒకటవ కార్డు మ్రోగగనే చెవి సేదదీరును. ఈ తహతహయు ఈ విశ్రాంతియుఁ గలసినదే హార్మొనీలో కార్డుల నడక.

ఐరోపాలో ఇది ఒక్కనాట పుట్టినది కాదు. క్రైస్తవ దేవాలయములలో మొదట అందరును ఒకే వరుసను పాడెడివారు. ఆ వరుసకు నాలుగవ స్థానమునగాని అయిదవ స్థానమునగాని రెండవ గొంతును జోడించు పద్ధతి 9వ శతాబ్దినాటి గ్రంథములలోనే కలదు. స-ప కలయిక అప్పటికే సమ్మతము; స-గ కలయికను మాత్రము విశ్రాంతిస్థానముగా చాలకాలము అంగీకరింపలేదు. 15వ శతాబ్దిలో ఆంగ్లేయ సంగీతకర్తలు దానిని ధారాళముగా వాడగా ఆ తీపి తక్కిన దేశములకును అబ్బినది. 1600 ప్రాంతమున ఇటలీలో మంద్రస్వరముల వరుసను మాత్రము వ్రాసి, పైన ఏ స్వరములు పలుకవలెనో అంకెలతో సూచించు ఆచారము వాడుకలోనికి వచ్చెను.

ఈ కథలో మాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము నేపుల్స్ నగరమునకు చెందినది. అచట 16వ శతాబ్దిలో అనాథబాలురకై నాలుగు ఆశ్రమములు వెలసినవి. వానిని కన్సర్వేటరీలనిరి, పిల్లలను కాపాడు చోటని అర్థము. కాలక్రమమున అవియే సంగీత పాఠశాలలైనవి. ఆ బీదపిల్లలకు హార్మొనీని లావుపాటి గ్రంథములతో నేర్పలేదు. మంద్రస్వరముల వరుసను ముందుంచి, పై భాగమును అప్పటికప్పుడు వాద్యముపై పూరింపుమనెడివారు. ఖాతా శీర్షికలు మాత్రమిచ్చి, తక్కిన లెక్క నీవే వ్రాయుమనినట్లు! దానికి ముందు, స్వరగ్రామము ఎక్కునప్పుడును దిగునప్పుడును ఏ మంద్రస్వరముపై ఏ కార్డు నిలుచునో చేతికి పట్టువడువరకు సాధన చేయించెడివారు. మన సరళీవరుసలవంటి క్రమమే ఇది. పెర్గొలేసి, పైసియెల్లో, చిమరోజా మున్నగు ప్రసిద్ధులు ఈ పాఠశాలలలో చదివినవారే.

శాస్త్రము తరువాత వచ్చినది. జాఁ ఫిలిప్ రామో 1722లో పారిస్‌లో ప్రకటించిన గ్రంథమున స-గ-ప, గ-ప-స, ప-స-గ అను మూడును ఒకే కార్డుకు భిన్నరూపములనియు, మూలము షడ్జమేననియు స్థాపించెను. అప్పటికి ఇరువదియేండ్లకు పూర్వమే ఫ్లారెన్స్‌లో క్రిస్టోఫొరీ పియానోను నిర్మించి యుండెను.

ఇటలీలో మంద్రస్వరములపై అంకెలు వేయుచున్న శతాబ్దిలోనే తంజావూరిలో వేంకటమఖి 'చతుర్దండీప్రకాశిక'ను రచించి 72 మేళములను క్రమపరచెను. ఆయన ప్రభువు విజయరాఘవనాయకుడు తెలుగు రాజు, తెలుగు కవి. అచ్చట స్వరములను ఒకదానిపై ఒకటి పేర్చుచుండగా, ఇచ్చట ఒకదాని తరువాత ఒకటి ఎట్లు నడువవలెనో విచారించిరి. మన తంబురా షడ్జము కచేరీ ముగియువరకు కదలదు. వారి ఆధారస్వరము కార్డు కార్డుకును కదలును. భేదమంతయు ఇదియే. ఒకటి హెచ్చు, ఒకటి తక్కువ యనుట అవివేకము.

రెండు సంప్రదాయములు చెన్నపట్టణపు చెంత ఎదురుపడినవి. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) ఆంగ్లేయుల బ్యాండు వరుసలను విని, వానికి సంస్కృత సాహిత్యము కూర్చెను. అవియే సుమారు 40 నొట్టుస్వరములు. ఆయన తమ్ముడు బాలుస్వామి వయొలిను నేర్చెను. వరుస వచ్చినది, వాద్యము వచ్చినది. కార్డులు మాత్రము రాలేదు. ఆ వయొలిను నేడు పరాయిదని ఎవరనగలరు?

అన్నింటికిని కార్డులు తగిలింపరాదు. తోడి గాంధారము ఊగును. పియానో మెట్టు ఊగదు. అంతేకాక, తంబురానాదమున సహజముగా పలుకు అంతరగాంధారముకన్న పియానో గాంధారము కించిత్తు హెచ్చు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియమును నిషేధించినప్పుడు చెప్పిన కారణములు ఇట్టివే. నొట్టుస్వరములకు ఈ చిక్కు లేదు. మన పిల్లలలో తెలుగు చదువరానివారు పెక్కుమంది యున్నను, అమ్మమ్మకును మనుమరాలికిని సరిగమలు ఉమ్మడి ఆస్తి. 'శ్యామలే మీనాక్షి' వరుసయు, పిల్లలు బడిలో పాడు 'ట్వింకిల్' పాట వరుసయు ఒక్కటే. అమ్మమ్మ సస-పప-దద-ప యని పాడుచుండగా మనుమరాలి ఎడమచేయి ఒకటవ కార్డుతో మొదలిడి, దద వద్ద నాలుగవదానికి పోయి, పంచమముపై తిరిగి ఒకటికి రావలెను. తరువాతి మమ-గగ-రిరి-స యందు వరుసగా నాలుగు, ఒకటి, అయిదు, ఒకటి.