సర్ వాల్టర్ ఇలియట్

సర్ వాల్టర్ ఇలియట్ (1803 జనవరి 16 – 1887 మార్చి 1) ఈస్టిండియా కంపెనీ మద్రాసు సివిల్ సర్వీసు అధికారి. 1845 నుంచి 1854 దాకా ఉత్తర సర్కారుల కమిషనర్‌గా పనిచేశాడు. అప్పటి మచిలీపట్నం జిల్లాలో భాగమైన నూజివీడు జమీందారీ కూడా ఆయన అధికార పరిధిలోదే. అమరావతి స్తూప శిల్పాల తవ్వకంతో, తెలుగునాట మొక్కల పేర్ల పట్టికతో ఆయన పేరు నిలిచింది.

తొలి జీవితం

ఎడిన్‌బరోలో పుట్టిన ఇలియట్ హేలీబరీ కళాశాలలో చదివి 1821లో మద్రాసు చేరాడు. 1824లో రాణి చెన్నమ్మ సేనలు కిత్తూరులో కంపెనీ దళాన్ని ఓడించి ధార్వాడ కలెక్టర్ థాకరేను హతమార్చినప్పుడు, ఇలియట్ వారికి బందీగా చిక్కి, కొన్ని వారాల తర్వాత విడుదలయ్యాడు. దక్షిణ మహారాష్ట్ర ప్రాంతంలో ఉద్యోగం చేస్తూనే వందలాది శాసనాలకు నకళ్లు రాయించాడు. తర్వాత మద్రాసు గవర్నర్ లార్డ్ ఎల్ఫిన్‌స్టన్‌కు ఆంతరంగిక కార్యదర్శి అయ్యాడు.

గుంటూరు విచారణ

1832–33లో వచ్చిన డొక్కల కరువు గుంటూరు జిల్లాను తుడిచిపెట్టింది. లక్షకు పైగా జనం చనిపోయారని అంచనా. వాసిరెడ్డి వంటి పెద్ద జమీందారీలు పేష్కష్ (కంపెనీకి కట్టాల్సిన శిస్తు) బకాయిలు పడి కంపెనీ స్వాధీనంలోకి వెళ్లాయి. రాబడి పడిపోయిన కారణాలు తేల్చడానికి 1845లో ఇలియట్‌ను పంపారు. జమీందార్ల దుబారా, రైతులపై దౌర్జన్య వసూళ్లు, కచేరీ ఉద్యోగుల అక్రమాలు కలిసి జిల్లాను దివాలా తీయించాయని ఆయన తేల్చాడు. ఆ విచారణ దరిమిలా కమిషనర్ పదవి లభించింది.

నూజివీడు సీమ, మొక్కల పట్టిక

మేకా వంశపు అప్పారావులు ఏలిన నూజివీడు సీమకు 1802లో శాశ్వత శిస్తు ఖరారైంది. ఇలియట్ పదవిని వీడిన మరుసటి ఏడాది, 1855లో, బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కాలువ నీరు డెల్టాకు దక్కగా, మెట్టన ఉన్న నూజివీడు వానలు, చెరువుల మీదే ఆధారపడింది. ఆ మెట్ట నేలలే కాలక్రమంలో చిన్నరసాలు, బంగినపల్లి తోటలకు పేరుపడ్డాయి.

ఈ సర్కారు జిల్లాల చెట్టూచేమల తెలుగు పేర్లను వృక్షశాస్త్ర నామాలతో జతచేసి ఇలియట్ 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ ప్రచురించాడు. పల్లె జనం నోట ఉన్న పేరు పట్టుకుని మొక్కను శాస్త్రీయంగా గుర్తించే వీలు దానివల్ల కలిగింది.

అమరావతి శిల్పాలు

సర్వేయర్ కాలిన్ మెకంజీ 1797లో చూసిన అమరావతి స్తూపపు దిబ్బను ఇలియట్ 1845లో తవ్వించాడు. బయటపడిన సున్నపురాతి ఫలకాలను మద్రాసుకు తరలించగా, అవి ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకు ఎండి, వానకు నానాయి. 1858లో లిన్నేయస్ ట్రైప్ వాటిని ఫొటోలు తీశాడు. 1859లో లండన్‌కు ఓడెక్కిన ఆ ఫలకాలు 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. చాలాకాలం వాటిని ‘ఇలియట్ మార్బుల్స్’ అనే పిలిచారు. శిల్పుల చేతిపనికి అధికారి పేరు పెట్టడం అన్యాయం.

చివరి సంవత్సరాలు

1854 నుంచి 1860లో పదవీ విరమణ వరకు మద్రాసు గవర్నర్ కౌన్సిల్ సభ్యుడిగా ఉన్నాడు. 1866లో సర్ బిరుదు, 1878లో రాయల్ సొసైటీ సభ్యత్వం పొందాడు. భారతదేశపు పక్షుల చర్మాలను చార్లెస్ డార్విన్‌కు పంపినవారిలో ఆయన ఒకడు. చూపు పోతున్నా దక్షిణ భారత నాణేలపై గ్రంథం పూర్తిచేశాడు. చనిపోయిన రోజున కూడా తమిళ పండితుడు జి.యు. పోప్‌కు ఉత్తరం చెప్పి రాయించాడు.

అంచనా

ఇలియట్ సేకరణ శ్రద్ధ వల్ల తెలుగువారి చరిత్రకు విలువైన ఆధారాలు దక్కాయి. అదే శ్రద్ధ కంపెనీ అధికారంతో కలిసి అమరావతి శిల్పాలను పుట్టిన నేలకు దూరం చేసింది. ఆయన తవ్వించిన ఫలకాలు అనేకం నేటికీ లండన్‌లోనే ఉన్నాయి.