కమాండ్ లైన్ నుంచే వర్చువల్ మెషీన్: ఇన్‌స్టాలేషన్ ప్రశ్నలకు ముందే జవాబులు

హెల్ప్‌డెస్క్‌లోనో, కేబులింగ్ పనిలోనో చేరి, తర్వాత సిస్టమ్ అడ్మిన్ వైపు మారాలనుకునే మనవాళ్లు అల్ దోహా అల్ జదీదాలో తక్కువేమీ లేరు. 2020 కార్మిక చట్ట మార్పుల తర్వాత ఖతర్‌లో ఉద్యోగం మారడానికి పాత యజమాని ఎన్ఓసీ అక్కర్లేదు. రెండేళ్ల లోపు సర్వీసు ఉంటే ఒక నెల, అంతకు మించితే రెండు నెలలు నోటీసు ఇవ్వాలి. అవకాశం వచ్చాక చదువుకుందాం అనుకుంటే ఆ నెలా రెండు నెలలు ఎటూ చాలవు. పైగా రెడ్ హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్ఏ లాంటి పరీక్షలో టిక్కులు పెట్టే ప్రశ్నలుండవు, మెషీన్ ముందు కూర్చుని పని చేసి చూపించాలి. అందుకే ఇంట్లో ఒక ల్యాబ్ కావాలి. ఒక లాప్‌టాప్, అందులో మూడు నాలుగు వర్చువల్ మెషీన్లు ఉంటే సరిపోతుంది.

ఒక మాట ముందే. ఇక్కడ కమాండ్లన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి, టీటీవైఎస్0లోని ఎస్, టైమ్‌జోన్ పేర్ల మొదటి అక్షరాలు మాత్రం పెద్దవి. ఆప్షన్ అన్నచోటల్లా దాని ముందు రెండు అడ్డగీతలుంటాయి.

లైనక్స్‌లో ఈ పనికి ఆధారం కేవీఎం. 2007లో 2.6.20 కెర్నల్‌తో లైనక్స్‌లో కలిసింది. దాన్ని తయారుచేసిన కుమ్రానెట్ కంపెనీని 2008లో రెడ్ హ్యాట్ కొనేసింది. కేవీఎం, క్యూఈఎంయూ కలిసి మెషీన్‌ని నడిపితే, లిబ్‌వర్ట్ వాటిని అజమాయిషీ చేస్తుంది. మనం వాడే కమాండ్లు రెండే. మెషీన్ పుట్టించడానికి వర్ట్-ఇన్‌స్టాల్, పుట్టాక చూసుకోవడానికి వర్ష్.

మొదట మీ లాప్‌టాప్‌లో వర్చువలైజేషన్ ఆన్ అయి ఉందో లేదో చూడండి. వర్ట్-హోస్ట్-వ్యాలిడేట్ అని కొడితే ఏది ఉంది, ఏది లేదు అన్నది వరసగా చెబుతుంది. లేదంటే బయోస్‌లోకి వెళ్లి ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎం ఆన్ చేయాలి. 8 జీబీ ర్యామ్‌తో రెండు చిన్న మెషీన్లు హాయిగా నడుస్తాయి, 16 ఉంటే నాలుగు. పాత లాప్‌టాప్ కొనేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. 2025లో వచ్చిన రెడ్ హ్యాట్ 10కి ఎక్స్86-64-వీ3 స్థాయి ప్రాసెసర్ కావాలి. ఇంటెల్‌లో ఆ స్థాయి 2013 నాటి హ్యాస్‌వెల్‌తో మొదలైంది. అంతకన్నా పాతదైతే 9తో సరిపెట్టుకోవాలి. రెడ్ హ్యాట్ డెవలపర్ సబ్‌స్క్రిప్షన్ వ్యక్తులకు ఉచితం, 2021 నుంచి 16 సిస్టమ్‌ల దాకా వాడుకోనిస్తున్నారు. అది వద్దనుకుంటే రాకీ లైనక్స్ ఉంది. దాని డీవీడీ ఇమేజ్ పది జీబీ చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి మినిమల్ ఇమేజ్ దించుకోండి. నేర్చుకోవడానికి అది చాలు.

ఇక అసలు కమాండ్. వర్ట్-ఇన్‌స్టాల్ తర్వాత నేమ్ ఆప్షన్‌తో పేరు, మెమరీ ఆప్షన్‌తో మెగాబైట్లలో ర్యామ్ (2048 అంటే 2 జీబీ), వీసీపీయూస్‌తో ప్రాసెసర్ల సంఖ్య, డిస్క్ సైజ్ ఈక్వల్స్ 20 అని గిగాబైట్లలో డిస్క్, ఓఎస్-వేరియంట్‌తో ఏ సిస్టమో, లొకేషన్‌తో ఐఎస్ఓ ఫైలు ఎక్కడుందో ఇస్తాం. డిస్క్ 20 అన్నంత మాత్రాన వెంటనే 20 జీబీ మింగేయదు. క్యూకౌ2 ఫైలు వాడిన కొద్దీ పెరుగుతుంది. ఇంతవరకు ఇస్తే మెషీన్ లేస్తుంది, కానీ ఇన్‌స్టాలర్ భాష ఏది, డిస్క్ ఎలా విడగొట్టాలి, పాస్‌వర్డ్ ఏమిటి అని మామూలుగానే అడుగుతూ కూర్చుంటుంది.

ఆ ప్రశ్నలకు ముందే జవాబులు రాసి పెట్టిన కాగితమే కిక్‌స్టార్ట్ ఫైలు. రెడ్ హ్యాట్ కుటుంబమంతా, అంటే ఫెడోరా, రాకీ, ఆల్మా అన్నీ దీన్నే వాడతాయి. ఖాళీ ఫైలుతో మొదలుపెట్టకండి. ఒక్కసారి చేత్తో ఇన్‌స్టాల్ చేస్తే, మీరిచ్చిన జవాబులన్నీ ఆ మెషీన్‌లోని రూట్ ఫోల్డర్‌లో అనకొండా-కేఎస్ డాట్ సీఎఫ్‌జీ అనే పేరుతో దానంతటదే రాసి పెడుతుంది. దాన్ని తెచ్చుకుని దిద్దుకోవడమే. అందులో ల్యాంగ్, కీబోర్డ్, నెట్‌వర్క్, టైమ్‌జోన్ వరసలు చదివితేనే అర్థమవుతాయి. టైమ్‌జోన్ దగ్గర మనవాళ్లు అలవాటుకొద్దీ ఏసియా/కోల్‌కతా పెట్టేస్తారు. దోహాలో పనిచేసే మెషీన్‌కి ఏసియా/ఖతర్ పెట్టాలి. రెండింటికీ తేడా రెండున్నర గంటలు. లాగ్ ఫైల్లో ఆ తేడా ఉంటే రాత్రి జరిగిన తప్పు ఎప్పుడు జరిగిందో తేల్చలేక తల పట్టుకోవాలి. పాస్‌వర్డ్‌ని మామూలు అక్షరాల్లో రాయకుండా, ఓపెన్ఎస్ఎస్ఎల్ పాస్‌డబ్ల్యూడీ కమాండ్‌కి మైనస్ 6 ఇచ్చి వచ్చిన హ్యాష్‌ని, రూట్‌పీడబ్ల్యూ వరసలో ఈజ్‌క్రిప్టెడ్ అన్న ఆప్షన్‌తో పెట్టండి. పర్సెంట్ పోస్ట్ అనే భాగంలో ఇన్‌స్టాలేషన్ అయ్యాక నడవాల్సిన కమాండ్లు రాయొచ్చు. మీ ఎస్ఎస్‌హెచ్ కీని అక్కడే పెట్టేస్తే మెషీన్ లేవగానే నేరుగా లాగిన్ కావచ్చు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది క్లియర్‌పార్ట్ ఆల్ అన్న వరస. డిస్క్ మీదున్నదంతా తుడిచేయమని దాని అర్థం. వర్చువల్ మెషీన్‌కి కనిపించేది దాని సొంత డిస్క్ ఫైలే కాబట్టి అక్కడ ప్రమాదం లేదు. అదే ఫైలుని పెన్‌డ్రైవ్‌లో పెట్టి అసలు కంప్యూటర్‌ని బూట్ చేస్తే, ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా ఫొటోలూ కాగితాలూ అన్నీ పోతాయి. ప్రశ్నలు అడగకపోవడమే దాని పని కదా! ఆఫీసు లాప్‌టాప్ మీద ఈ ప్రయోగాలు అసలొద్దు.

ఫైలు రాశాక కేఎస్‌వ్యాలిడేటర్‌తో తప్పులు చూసుకుని, వర్ట్-ఇన్‌స్టాల్‌కి ఇంకో రెండు ఆప్షన్లు చేర్చండి. ఇనిట్ఆర్‌డీ-ఇంజెక్ట్ మీ ఫైలుని ఇన్‌స్టాలర్ పొట్టలోకి పంపుతుంది. ఎక్స్‌ట్రా-ఆర్గ్స్‌లో ఐఎన్‌ఎస్‌టీ డాట్ కేఎస్ ఈక్వల్స్ ఫైల్ కోలన్ స్లాష్ కేఎస్ డాట్ సీఎఫ్‌జీ అని రాస్తే, ఆ జవాబులు ఎక్కడున్నాయో ఇన్‌స్టాలర్‌కి తెలుస్తుంది. ఈ రెండూ లొకేషన్ ఆప్షన్‌తోనే పనిచేస్తాయి, సీడీరామ్ ఆప్షన్‌తో పనిచేయవు. గ్రాఫిక్స్ నన్ పెట్టినవాళ్లు అదే ఎక్స్‌ట్రా-ఆర్గ్స్‌లో కన్సోల్ ఈక్వల్స్ టీటీవైఎస్0 అని కూడా రాయాలి. లేకపోతే లోపల అంతా సవ్యంగా జరుగుతున్నా తెర నల్లగానే ఉంటుంది. కన్సోల్ నుంచి బయటపడటానికి కంట్రోల్, కుడివైపు స్క్వేర్ బ్రాకెట్ కలిపి నొక్కాలి.

తరచూ చిక్కుపడే చోట్లు ఇంకొన్ని ఉన్నాయి. ఐఎస్ఓ ఫైలు మీ హోమ్ ఫోల్డర్‌లో ఉంటే క్యూఈఎంయూకి దాన్ని చదివే అనుమతి ఉండకపోవచ్చు, వార్/లిబ్/లిబ్‌వర్ట్/ఇమేజెస్‌లో పెట్టండి. ఫెడోరాలో సూడోతో చేసిన మెషీన్, సూడో లేకుండా వర్ష్ లిస్ట్ కొడితే కనిపించదు. అది ఎక్కడికీ పోలేదు, సిస్టమ్ కనెక్షన్, సెషన్ కనెక్షన్ వేరువేరు, అంతే. నోఆటోకన్సోల్ ఇచ్చి వెయిట్ ఇవ్వకపోతే ఇన్‌స్టాలేషన్ పూర్తయ్యాక మెషీన్ ఆగిపోయి కనిపిస్తుంది. ఫెయిలైందనుకుని చెరిపేయకండి, వర్ష్ స్టార్ట్ కొడితే లేస్తుంది.

డెబియన్‌లో ఇదే పనికి ప్రీసీడ్ అంటారు. ప్రీసీడ్ డాట్ సీఎఫ్‌జీ అన్న పేరుతో ఇంజెక్ట్ చేస్తే ఇన్‌స్టాలర్ తనే చదువుకుంటుంది. డెబియన్ ఇన్‌స్టాలర్ తెలుగులో కూడా ఉంది, కానీ గ్రాఫికల్ తెర మీదే. ఉబుంటు సర్వర్ 20.04 నుంచి ఆటోఇన్‌స్టాల్ వాడుతోంది. కెర్నల్ వరసలో ఆటోఇన్‌స్టాల్ అన్న మాట లేకపోతే డిస్క్ తుడిచేముందు ఒకసారి యస్ అనమని అడుగుతుంది. ఆ పద్ధతి నాకు నచ్చింది.

ఇన్‌స్టాలేషనే అక్కర్లేని దారి ఇంకొకటి ఉంది. తయారుగా ఉన్న క్లౌడ్ ఇమేజ్ దించుకుని, ఇంపోర్ట్, క్లౌడ్-ఇనిట్ ఆప్షన్లతో లేపితే ఒకటి రెండు నిమిషాల్లో మెషీన్ సిద్ధం. ఉద్యోగం కోసం నేర్చుకునేవాళ్లు దీన్ని తప్పక చూడాలి. మైక్రోసాఫ్ట్ 2022లో ఖతర్‌లో అజూర్ రీజియన్ తెరిచింది, గూగుల్ క్లౌడ్ 2023లో దోహా రీజియన్ తెరిచింది. అజూర్‌లో లైనక్స్ మెషీన్‌కి ఇచ్చే క్లౌడ్-ఇనిట్ ఫైలుదీ ఇదే పద్ధతి.

విండోస్ తీసేయడం కుదరనివాళ్లకు వర్చువల్‌బాక్స్ ఉంది. వీబాక్స్‌మేనేజ్ అన్‌అటెండెడ్ ఇన్‌స్టాల్ అన్న కమాండ్‌కి ఐఎస్ఓ, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇస్తే జవాబుల ఫైలు అదే తయారుచేసుకుంటుంది. సులువే, కానీ కిక్‌స్టార్ట్ నేర్చుకున్నట్టు మాత్రం కాదు.

చివరగా రెండు వర్ష్ కమాండ్ల పేర్లు. డిస్ట్రాయ్ అంటే మెషీన్‌ని నాశనం చేయడం కాదు, ప్లగ్ పీకినట్టు ఆపేయడం. డిస్క్ ఫైలు అలాగే ఉంటుంది. మామూలుగా ఆపడానికి షట్‌డౌన్ వాడండి. నిజంగా చెరిపేసేది అన్‌డిఫైన్, దానికి రిమూవ్-ఆల్-స్టోరేజ్ కలిపితే డిస్క్ కూడా పోతుంది. ల్యాబ్‌లో దాన్ని ఎన్నిసార్లు కొట్టినా ఫరవాలేదు. కిక్‌స్టార్ట్ ఫైలు భద్రంగా ఉంటే అదే మెషీన్ మళ్లీ వచ్చేస్తుంది.