డోర్ ప్యాడ్ వెనకాల 1967: మా ఫియట్ ఒరిజినలేనా?

ఈ ఎపిసోడ్ మా ఇంట్లో గొడవతో మొదలవుతుంది, ఏమీ అనుకోకండి.

గాజువాకలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో తాతయ్య ఫియట్ ఉంది. ఆర్‌సీలో 1967 మోడల్ అని ఉంటుంది. తాతయ్య దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఆయన పోయాక ఎవరూ స్టార్ట్ చేయలేదు. మొన్న ఒకాయన కొంటానని వచ్చారు. బయటంతా చూసి మంచి రేటే చెప్పారు. తర్వాత లోపల కూర్చున్నారు. స్టీరింగ్ మధ్యలో గుర్తు చూశారు, డ్రైవర్ డోర్ తట్టి చూశారు, కిందకి దిగి, "బాబూ, లోపలంతా పద్మిని సామానే కదా, దీన్ని డిలైట్ అంటే ఎలా?" అని రేటు సగం చేసేశారు.

మా బాబాయికి ఒళ్లు మండిపోయింది. "మా నాన్న కారు డూప్లికేటా?" అని. నాకు మాత్రం వేరే డౌట్ వచ్చింది. ఆయన అన్నది నిజమైతే?

ముందు పేర్ల కథ చెప్పాలి. ఎందుకంటే మన దగ్గర ఈ షేపులో ఉన్న ప్రతి కారూ ఫియటే. 1964లో ఫియట్ 1100 డిలైట్ వచ్చింది. అంతకు ముందున్న ఎలిగెంట్, సూపర్ సెలెక్ట్ మోడళ్లకు ముందు డోర్లు రివర్స్‌లో తెరుచుకునేవి, అంటే కబ్జాలు వెనకవైపు. డిలైట్‌కి ఇప్పటి కార్లలాగే ముందువైపు. 1972లో ఇటలీ ఫియట్‌తో లైసెన్స్ గడువు ముగిశాక పేరు ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది. 1974 నుంచి ప్రీమియర్ పద్మిని. బాడీ దాదాపు అదే, ఇంజిన్ అదే 1089 సీసీ, గేరు స్టీరింగ్ పక్కనే. అందుకే ఒకదాని సామాను ఇంకోదానికి సులువుగా ఎక్కేస్తుంది. చిక్కంతా అక్కడే.

ఇక్కడ వైజాగ్ వాళ్ల కోసం ఒక విషయం చెప్పాలి. రోజూ సింధియా బస్సు ఎక్కుతారు కదా, ఆ సింధియా ఏంటో ఎప్పుడైనా ఆలోచించారా? సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. దాని వెనకున్న ముఖ్యమైన మనిషి వాల్‌చంద్ హీరాచంద్. మన షిప్‌యార్డ్‌కి 1941 జూన్ 21న రాజేంద్ర ప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో జపాన్ వాళ్లు వైజాగ్ మీద బాంబులు వేశారు. అయినా 1948 మార్చి 14న నెహ్రూ గారి చేతుల మీదుగా జల ఉష ఓడ నీళ్లలోకి దిగింది. ఈ మధ్యలోనే, 1944లో, అదే వాల్‌చంద్ బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టారు. మొదట క్రిస్లర్ వాళ్ల కార్లు బిగించారు, తర్వాత ఫియట్. అంటే మా తాతయ్య షిప్‌యార్డ్‌లో పనిచేసి, అదే యజమాని మొదలుపెట్టిన ఇంకో కంపెనీ కారు కొన్నారన్నమాట. ఆయనకి ఈ సంగతి తెలుసో లేదో నేనెప్పుడూ అడగలేదు. (షిప్‌యార్డ్ 1952లోనే హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయిపోయింది. పేరు మాత్రం బస్సు బోర్డు మీద అలాగే ఉండిపోయింది.)

సరే, సామాను ఎందుకు కలిసిపోతుంది? 1953లో ప్రభుత్వం, ఇక్కడే తయారుచేసే ప్లాన్ ఉంటేనే ఉండండి, ఊరికే బిగించి అమ్మే పని కుదరదు అంది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ వెళ్లిపోయాయి. కార్లలో ముఖ్యంగా మిగిలినవి హిందుస్థాన్, ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. బుక్ చేస్తే ఏళ్లకేళ్లు వెయిటింగ్. అలాంటి టైమ్‌లో విండో హ్యాండిల్ విరిగితే, "1967 మోడల్‌దే కావాలి" అని ఎవరడుగుతారు? మెకానిక్ దగ్గర ఏది దొరికితే అది వేస్తాడు. కారు నడవాలి, అంతే. దాన్ని మోసం అనలేం.

ఇక చెకింగ్. నేను కోడ్ డీబగ్ చేసినట్టే చేశాను. ఒక్కో పార్ట్ దగ్గరా ఒకటే ప్రశ్న: ఇది ఏ తేదీకి ముందు పుట్టి ఉండే చాన్సే లేదు?

స్టీరింగ్ మధ్యలో ప్రీమియర్ గుర్తు ఉంది. ఆ పేరు కారుకి 1972లో వచ్చింది. కాబట్టి 1967 కారులో ఆ స్టీరింగ్ తర్వాత వేసిందే. ఆయన కరెక్ట్. సన్ వైజర్ వెనక తయారీదారు లేబుల్ ఉంది, అడ్రస్‌లో ఆరంకెల పిన్ కోడ్. పిన్ కోడ్ మొదలైందే 1972 ఆగస్టు 15న. ఇదీ తర్వాతదే. మీరూ ఈ ట్రిక్ వాడుకోండి: లేబుల్ మీద ముంబై అని ఉంటే 1995కి ముందుది అయ్యే అవకాశం చాలా తక్కువ, ఎందుకంటే ఊరి పేరు అధికారికంగా మారింది అప్పుడే.

రెండు సున్నాతో బాబాయి ముఖం వాడిపోయింది. అప్పుడు డోర్ ప్యాడ్‌లు విప్పాం.

డ్రైవర్ డోర్ ప్యాడ్ వెనక కొత్త ప్లైవుడ్. డోర్ రేకుకి రెండు సెట్ల కన్నాలు, పాత కన్నాల్లో తుప్పు. అంటే వేరే ప్యాడ్ తెచ్చి వేరే చోట్ల బిగించారు. ఎడమ వెనక డోర్ చూడండి, క్లోజప్‌లో చూపిస్తున్నాను. ఒకటే సెట్ కన్నాలు. ప్యాడ్ లోపల అట్టలాంటి హార్డ్‌బోర్డు, మన సముద్రం చెమ్మకి అడుగున ఉబ్బిపోయింది. దాని మీద నీలం రెగ్జిన్. ఈ డోర్‌లో ఎవరూ పెద్దగా కూర్చోలేదు కాబట్టి బతికిపోయిందని నా అంచనా. కారు కొనేటప్పుడు డ్రైవర్ సీటు వైపు కాదు, దానికి ఎదురు మూల వెనక సీటు వైపు ముందు చూడండి.

ప్యాడ్ వెనక రేకు రంగు బూడిద. బయటేమో కారు తెలుపు. గ్లవ్ బాక్స్ తీసి డ్యాష్‌బోర్డు వెనక టార్చ్ వేశాం, అక్కడా బూడిదే. డిక్కీ మ్యాట్ కిందా బూడిదే. ఆర్‌సీలో రంగు దగ్గర గ్రే అని ఉంది. పైన రంగు ఎవరైనా వేస్తారు. డ్యాష్‌బోర్డు వెనకాల చేయి దూరని చోట ఎవరు వేస్తారు? చాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ కూడా ఆర్‌సీతో కలిశాయి.

ఇప్పుడు సీట్లు. ఇది చెప్పడానికి నాకు కొంచెం కష్టంగానే ఉంది. 2019లో ఫస్ట్ శాలరీ వచ్చినప్పుడు తాతయ్యకి సర్‌ప్రైజ్ అని సీట్లన్నీ లెదరెట్ చేయించాను. కుషన్ వర్క్స్‌లో పాత కవర్లు, కొబ్బరి పీచు ఏం చేయమంటారని అడిగారు. పారేయండి అన్నాను. తాతయ్య కొత్త సీటు మీద చెయ్యి వేసి "బాగుంది రా" అన్నారు. ఇంకేమీ అనలేదు. ఆ పాత కవర్ ఇప్పుడుంటే పది నిమిషాల్లో తేలిపోయేది.

నెట్‌లో ఇటలీ నుంచి కొత్త ట్రిమ్ తెప్పించొచ్చని కొందరు మెసేజ్ పెట్టారు. వద్దు. ఇటలీలో 1100డీకి 1221 సీసీ ఇంజిన్, మనకి 1089. అక్కడి కారూ ఇక్కడి కారూ అన్నింటిలో ఒకటి కాదు. బొంబాయి కుర్లాలో తయారైన కారుకి అక్కడి సామాను వేస్తే అందంగా ఉంటుందేమో గానీ, అది ఇంకో రకం కల్తీ.

రూల్ సంగతి కూడా చెప్తాను. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకి వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. చాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. ఫీజు కొత్తదానికి 20 వేలు, చెల్లుబాటు 10 ఏళ్లు, రోజువారీ తిరగడానికి కుదరదు. గమనించారా, సీటు, స్టీరింగ్ అడ్డం కాదు. అంటే రూల్ లెక్కలో మా కారుకి చాన్స్ ఉంది. కొనేవాళ్ల లెక్క వేరు, వాళ్లు కూర్చునేది లోపలే కదా.

చివరికి ముందు సీటు ఎత్తి స్ప్రింగులు చూశాను. పాత కవర్‌ని పట్టుకునే ఇనుప క్లిప్పు ఒకటి మిగిలిపోయింది. దాంట్లో బొటనవేలంత నీలం రెగ్జిన్ ముక్క. ఎడమ వెనక డోర్ పక్కన పెట్టి చూశాం. అదే నీలం, అదే గీతల అచ్చు.

ఆ కొంటానన్నాయనకి ఫోటోలన్నీ పంపాను. స్టీరింగ్, వైజర్, డ్రైవర్ డోర్ ప్యాడ్ మార్చినవే అని నేనే ముందు రాశాను. బాడీ, డ్యాష్, మిగతా డోర్లు డిలైట్‌వే అని కూడా. ఆయన మళ్లీ ఫోన్ చేసి, మొదటి రేటు కాదు గానీ దానికి దగ్గరగా చెప్పారు. బాబాయి ఆలోచించి చెప్తానన్నారు. రెండు వారాలైంది, ఇంకా చెప్పలేదు. నిన్న చూస్తే ఆటోనగర్‌లో పాత ఫియట్ స్టీరింగ్ ఎవరి దగ్గరైనా ఉందేమోనని వాకబు చేస్తున్నారు. ఆ నీలం ముక్క జిప్ కవర్‌లో పెట్టి ఆర్‌సీ ఫైల్‌లో దాచాను.