తెలుగు కథానిక: మౌలికాంశాల చరిత్ర

కథానిక ఒకే అనుభవాన్నో ఒకే సంఘర్షణనో కేంద్రంగా చేసుకుని క్లుప్తంగా నడిచే వచన ప్రక్రియ. వస్తువు, ఇతివృత్తం, పాత్రలు, స్థలకాలాలు, సంఘర్షణ, దృష్టికోణం, సంభాషణ, ముగింపు దీని మౌలికాంశాలు. వీటిని పొందికగా కూర్చే నేర్పే శిల్పం. తెలుగులో ఈ అంశాలను లక్షణ గ్రంథాలు నిర్వచించకముందే కథకులు రాసి చూపారు. ఆ కృషిలో ఉత్తరాంధ్ర రచయితల పాత్ర విశిష్టమైనది.

పూర్వరంగం

గుణాఢ్యుని బృహత్కథ నుంచి చిన్నయసూరి నీతిచంద్రిక (1853) దాకా తెలుగువారికి కథలు కొరవడలేదు. అయితే వాటిలో ఎక్కువ భాగం కథలో కథగా సాగేవి, నీతి చెప్పి ముగిసేవి. ఏకబిగిన చదివించి, ఒకే ప్రభావాన్ని మిగల్చాలన్న ఆధునిక సూత్రాన్ని అమెరికా రచయిత ఎడ్గార్ అలన్ పో 1842లో ప్రతిపాదించాడు. తెలుగులో తొలి ఆధునిక కథల్లో ఒకటైన భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లో హిందూసుందరి పత్రికలో వెలువడింది.

గురజాడ

గురజాడ అప్పారావు (1862–1915) నేటి అనకాపల్లి జిల్లాలోని సర్వసిద్ధి రాయవరంలో జన్మించారు. ఆయన ‘దిద్దుబాటు’ 1910 ఫిబ్రవరిలో ఆంధ్రభారతిలో అచ్చయింది. మౌలికాంశాలను నేర్చుకోదలచిన వారికి నేటికీ ఇంతకన్నా చక్కని పాఠం లేదు. స్థలం ఒక ఇల్లు, కాలం ఒక రాత్రి. రంగం మీద కనిపించేది గోపాలరావు, నౌకరు రాముడు. భార్య కమలిని ఒక ఉత్తరం ద్వారా మాట్లాడుతుంది, చివర మంచం కింది నుంచి ఆమె నవ్వు వినిపిస్తుంది. స్త్రీవిద్య, దాంపత్య మర్యాద ఇందులో వస్తువు. భర్త సానిపాటకు వెళ్లి రావడం, భార్య పుట్టింటికి వెళ్లిపోయిందని నమ్మి కంగారుపడడం ఇతివృత్తం. ఉపదేశం ఎక్కడా లేదు, భర్తను దిద్దే పని సన్నివేశమే చేస్తుంది. అదే ఏడాది ‘మీ పేరేమిటి?’ వంటి కథలతో ఆయన వ్యంగ్యాన్నీ సంభాషణనూ మరింత విస్తరించారు.

చాసో

విజయనగరంలో స్థిరపడిన చాగంటి సోమయాజులు (1915–1994) క్లుప్తతకు పెట్టింది పేరు. ‘వాయులీనం’లో జబ్బుపడిన భార్యకు వైద్యం చేయించడానికి భర్త ఆమె వాయులీనాన్ని అమ్ముతాడు. జరిగినదింతే, అది ఇతివృత్తం. పేదరికం ఒక మనిషిలోని కళను ఎలా తినేస్తుందన్నది వస్తువు. ఈ రెంటికీ ఉన్న తేడాను ఇంత స్పష్టంగా చూపే కథలు అరుదు. ‘ఎందుకు పారేస్తాను నాన్నా!’లో చదువు ఆగిపోయిన కుర్రవాడి చిన్న చిన్న చేష్టలే పాత్రచిత్రణ అవుతాయి.

రావిశాస్త్రి

విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922–1993) సంభాషణకు, ఉపమానాలకు కొత్త బలమిచ్చారు. మద్యనిషేధ చట్టం చుట్టూ అల్లిన ‘ఆరు సారా కథలు’లో నర్సీపట్నం నుంచి ఇచ్ఛాపురం దాకా వినిపించే పలుకుబడి సాహిత్య గౌరవం పొందింది. ‘మాయ’ కథలో కోర్టు, పోలీసు వ్యవస్థల గుట్టును విప్పేది రచయిత వ్యాఖ్యానం కాదు, ముత్యాలమ్మ అనే పాత్ర మాట. పాత్ర ఎవరో దాని భాషే చెప్పాలన్న సూత్రానికి ఇది గొప్ప ఉదాహరణ.

కారా

శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు (1924–2021) 1960ల మధ్యలో రాసిన ‘యజ్ఞం’ నిడివిలో పెద్దది, నిర్మాణంలో గట్టిది. సుందరపాలెంలో అప్పల్రాముడి అప్పు మీద జరిగే పంచాయితీ కథకు చట్రం. ఆ చట్రంలో ఊరి ఆర్థిక చరిత్రంతా ఇముడుతుంది. అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన బిడ్డనే చంపే ముగింపుపై విమర్శకుల వాదాలు దశాబ్దాలపాటు సాగాయి. ముగింపు కథలోని సంఘర్షణ నుంచే పుట్టాలా, రచయిత దృక్పథం నుంచి రావాలా అన్న ప్రశ్నను తెలుగు విమర్శ ఈ కథతోనే లోతుగా చర్చించింది. ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. కొత్త కథకుల కోసం ఆయన ‘కథాకథనం’ రాశారు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయాన్ని స్థాపించారు. తెలుగు కథలను, అవి అచ్చయిన పత్రికలను ఒకచోట చేర్చిన ఈ గ్రంథాలయం పరిశోధకులకు అమూల్యమైన ఆధారం.

స్థలం, వాతావరణం

అల్లం శేషగిరిరావు వేట కథల్లో అడవి కేవలం నేపథ్యంగా మిగలదు, కథ గమనాన్ని నిర్ణయించే శక్తి అవుతుంది. ఇతర ప్రాంతాల్లో పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ కూడా వాతావరణ చిత్రణకు ప్రసిద్ధం. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన అంతర్జాతీయ కథల పోటీలో దానికి ద్వితీయ బహుమతి వచ్చింది.

లక్షణ విమర్శ

వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘కథాశిల్పం’ ఈ అంశాలను తెలుగు ఉదాహరణలతో క్రమబద్ధంగా వివరించింది. దానికి 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. 1990 నుంచి కథాసాహితి వెలువరిస్తున్న వార్షిక సంకలనాలు ఈ మౌలికాంశాలు కాలంతో పాటు ఎలా మారుతున్నాయో పరిశీలించడానికి వీలు కల్పిస్తున్నాయి.